నొప్పితో కాపురం

మన సంఘం వేసవి పిక్నిక్ జరిగిన మర్నాడు నా ఫోను పొద్దున్న ఏడింటికే మోగటం మొదలుపెడుతుంది. "డాక్టరుగారూ, నిన్న వాలీబాల్ ఆడాం కదండీ, మోకాలు బంతిలా ఉబ్బింది." "తమ్ముడూ, నడుం పట్టేసింది, మంచం దిగలేకపోతున్నాను." "బాబూ, ఆ పాత భుజం నొప్పి మళ్ళీ లేచింది, ఏదన్నా మాత్ర చెబుదూ." ఏడాది పొడుగునా కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చున్న మనిషి, పులిహోరా గారెలూ తిన్న గంటకి, తానింకా ఇంటర్మీడియట్ చదువుతున్నాననుకుని గాల్లోకి ఎగిరితే ఇంతకంటే మంచి ఏం జరుగుతుంది? నేను లోపల నవ్వుకుంటూనే అందరికీ సమాధానం చెబుతాను. బయటికి నవ్వే హక్కు నాకు లేదు. ఆ ఎగిరినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఫోను చెవిన పెట్టుకున్న ఆ సమయానికి నా మోకాలూ ఐసు సంచీ కిందే ఉంటుంది.

ఈ ఏడు వచ్చిన ఫోన్లలో రెండు నన్ను ఆలోచనలో పడేశాయి. ఇద్దరు మిత్రులకీ చీలమండే బెణికింది. ఇద్దరికీ అది పాత దెబ్బే. మొదటి ఆయన, "ఇక చాలు డాక్టరుగారూ. ఆటలు మానేస్తాను, నడక కూడా తగ్గిస్తాను. శరీరం చెప్పే మాట వినాలి కదా!" అన్నారు. రెండో ఆయన, "సాయంత్రం మళ్ళీ పరుగుకు వెళుతున్నాను. నొప్పికి లొంగితే అది మన నెత్తినెక్కి కూర్చుంటుంది. మనిషన్నాక మనోధైర్యం ఉండాలి" అన్నారు. ఇద్దరికీ వైద్యుడిగా చెప్పవలసింది చెప్పాను. కానీ ఫోను పెట్టేశాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. వీళ్ళిద్దరిలో మనోబలం ఉన్నది ఎవరికి?

మన పత్రికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు మూడు నెలలుగా అడుగుతున్నారు. ఈ ప్రశ్నే వ్రాస్తున్నాను. పాత దెబ్బ ఉన్న శరీరంతో బతికే మనిషికి మనోబలం అంటే ఏమిటి? ఓర్చుకుని ముందుకు పోవటమా, తెలుసుకుని వెనక్కి తగ్గటమా? పైకి ఇది వైద్యశాస్త్రం ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో సగం నీతిప్రశ్నే ఉందనిపిస్తుంది. ఎందుకంటే మన శరీరాన్ని మనం ఎలా చూస్తామో, మనవాళ్ళ శరీరాలను ఎలా చూస్తామో అన్నదాంట్లో గర్వం ఉంది, భయం ఉంది, ప్రేమ ఉంది. ఈ మూడింటికీ ఎక్స్‌రే తీసే యంత్రం ఇంకా రాలేదు.

ముందు నా సంగతి చెబుతాను.

2008లో, వైద్యకళాశాల రెండో ఏడు చదువుతున్నప్పుడు, హాస్టలు వెనక కబడ్డీ ఆడేవాళ్ళం. ఒకనాడు కూతకు వెళ్ళి, గీత దాటి వెనక్కి తిరుగుతుంటే కాలు మట్టిలో నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాట్లో 'టప్'మన్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పడిపోయాను. చుట్టూ చేరిన సీనియర్లలో ఒకాయన, "లేరా, దులుపుకో. ఈ మాత్రానికే పడుకుంటే రేపు రోగులకేం ధైర్యం చెబుతావు?" అన్నాడు. ఆ మాట నాకు ఆ దెబ్బకంటే గట్టిగా తగిలింది. లేచాను. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మళ్ళీ ఆటలోకి వెళ్ళాను. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి మోకాలు కుండలా వాచింది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నానమ్మ చింతపండూ ఉప్పూ పట్టు వేసింది. మోకాలి లోపల అడ్డంగా ఉండే లిగమెంటు తెగిందని రెండేళ్ళ తర్వాత, ఎముకల విభాగంలో పోస్టింగు చేస్తున్నప్పుడు, నేనే పాఠం చదువుతూ తెలుసుకున్నాను. అప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ చప్పట్లు వెనక్కి ఇచ్చెయ్యాలేమోనన్నట్టు ఉండేది.

ఈ దేశం వచ్చాక అదే మోకాలితో పరుగు మొదలుపెట్టాను. కాలు అప్పుడప్పుడూ జారిపోయేది. జారినప్పుడల్లా పళ్ళు బిగించేవాణ్ణి. ముప్పై ఒకటో ఏట కీలు మధ్యన నెలవంకలా ఉండే మెత్తని ఎముక కూడా చినిగింది. నిలకడలేని మోకాలిని అలా వాడుతూ పోతే ఏమవుతుందో నా రోగులకు నేనే బొమ్మ గీసి చూపిస్తుంటాను. ఆ బొమ్మ నా మోకాలిదే.

అప్పటినుంచీ నాకు మహాభారతంలో కర్ణుడి కథ వేరుగా కనిపించటం మొదలుపెట్టింది. పరశురాముడు శిష్యుడి తొడమీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. పురుగు వచ్చి తొడను తొలిచింది. గురువుకు నిద్రాభంగమవుతుందని కర్ణుడు కదలలేదు. రక్తం తగిలి గురువు లేచాడు. చిన్నప్పుడు ఈ కథను గురుభక్తికీ సహనానికీ నిదర్శనంగా చెప్పారు. కానీ కథ అక్కడ ఆగదు. ఇంత నొప్పిని బ్రాహ్మణుడు ఓర్చుకోలేడు, నువ్వెవరివో చెప్పమని గురువు నిలదీశాడు. కర్ణుడు దాచిన నిజం బయటపడింది. మెప్పు తెచ్చిపెట్టవలసిన ఓర్పే శాపం తెచ్చిపెట్టింది. కర్ణుడి ధైర్యాన్ని నేను చిన్నబుచ్చటంలేదు. అంత ధైర్యం నాకు లేదు. కానీ ఒక నిజాన్ని దాచటానికి వాడే ఓర్పు, ఎంత గొప్పదైనా, చివరికి ఆ నిజాన్నే పట్టిస్తుంది. నేను ఓర్చుకున్నది నొప్పిని కాదు. 'నాకు దెబ్బ తగిలింది' అని చెప్పవలసిన ఒక వాక్యాన్ని పదకొండేళ్ళు ఓర్చుకున్నాను.

అయితే ఓర్పు తప్పా? శరీరం చెప్పిందల్లా వినాలా? మొదటి మిత్రుడు అన్నదే సరైనదా? ఇక్కడ వైద్యశాస్త్రం కాస్త విచిత్రమైన సంగతులు చెబుతుంది.

రెండో ప్రపంచయుద్ధకాలంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తువైద్యుడు ఇటలీ యుద్ధరంగంలో పనిచేశాడు. తీవ్రంగా గాయపడి వచ్చిన సైనికులను నొప్పి తగ్గే మందు కావాలా అని అడిగితే, నాలుగింట మూడువంతులమంది అక్కరలేదన్నారు. 1946లో ఆయన ఇది ప్రచురించాడు. గాయం చిన్నదై కాదు. ఆ గాయానికి వాళ్ళ జీవితంలో ఉన్న అర్థం వేరు. ఇక యుద్ధం అయిపోయింది, ప్రాణాలతో ఇంటికి పోవచ్చు. అదే గాయం ఊళ్ళో ఒక మామూలు మనిషికి తగిలితే ఉద్యోగం పోతుందేమో, పిల్లల గతేమిటో అన్న దిగులు కూడా గాయంతోపాటే వస్తుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, నొప్పి కబురు వెన్నుపాములో ఒక ద్వారం దాటి వెళుతుందనీ, ఆ ద్వారాన్ని మెదడు కొంత తెరవగలదు, కొంత మూయగలదనీ ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత మార్పులు వచ్చాయిగాని అసలు సంగతి నిలిచింది. నొప్పి గాయానికి కొలబద్ద కాదు. పెద్ద గాయం నొప్పిలేకుండా ఉండవచ్చు, ఎప్పుడో మానిన గాయం రోజూ నొప్పి పెట్టవచ్చు. నొప్పి అబద్ధమని దీనర్థం కాదు. నొప్పి ఒక కావలివాడు. దొంగ వచ్చినా అరుస్తాడు, గాలికి తలుపు కొట్టుకున్నా అరుస్తాడు. ఒకసారి ఇంట్లో దొంగతనం జరిగాక, ఆకు కదిలినా అరుస్తాడు. పాత దెబ్బ ఉన్నవాళ్ళ పరిస్థితి ఇదే.

మరి కావలివాడు అరిచినప్పుడల్లా మంచం ఎక్కితే ఏమవుతుంది? ఒకప్పుడు నడుం నొప్పికి వైద్యులే వారాల తరబడి పడక విశ్రాంతి చెప్పేవారు. 1986లో డేయో అనే వైద్యుడూ, ఆయనతో పనిచేసినవారూ 203 మంది రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు విశ్రాంతి చెప్పి చూశారు. ఏడు రోజులు పడుకోమన్నవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు. పనికి ఎక్కువ రోజులు నాగా పెట్టటం మాత్రం జరిగింది. 2007లో మరొక పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్ళనే పది రోజులు మంచంమీద ఉంచారు. పది రోజుల్లో వాళ్ళ కాళ్ళలోంచి కరిగిన కండ దాదాపు కిలో.

ఈ అంకెలు నాకు ముందే తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అయినా నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఏం చేశానో చెబుతాను. ఈ వ్యాసం వ్రాయటానికి అసలు కారణం అదే.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకు నాలుగెకరాల మాగాణి, ఒక గేదె. 2019 చివర్లో కాలవ గట్టుమీద మోపెడ్ జారి నాన్న చీలమండ విరిగింది. ప్లేటు వేశారు. ఎముక చక్కగా అతికింది. మూడు నెలలకల్లా ఆయన కర్ర పట్టుకుని పొలం వెళ్ళటం మొదలుపెట్టాడు. సాయంత్రానికి కాలు కాస్త వాచేది, కాస్త కుంటేవాడు. అమ్మ ఫోనులో ఆ కాలు చూపించింది. నాకు గుండె గుభేలుమంది. ఇక్కడ నేను వార్డులో రోజూ అంతకంటే వాచిన కాళ్ళు చూస్తూ, నడవండి నడవండి అని లేపుతుంటాను. కానీ అది నాన్న కాలు.

"నాన్నా, ఇక నువ్వు పొలం మానెయ్. నేను డబ్బు పంపిస్తున్నాను కదా!" అన్నాను.

"కాలు బాగుపడటానికి పొలం మానమంటావు. పొలం మానితే కాలు ఉండొద్దురా?" అన్నాడాయన.

ఆ మాటలో ఉన్న వైద్యం నాకు అప్పుడు వినిపించలేదు. రైతు చాదస్తం అనుకున్నాను. డాక్టరునని గుర్తుచేశాను. అమ్మ చేత చెప్పించాను. ఆన్‌లైనులో వెనక్కి వాలే మంచి కుర్చీ ఒకటి కొని ఇంటికి పంపించాను. చివరికి నాన్న నా మాట విన్నాడు. పొలం కౌలుకిచ్చాడు. గేదెను అమ్మేశారు. కుర్చీలో కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ, కొడుకంటే వాడు, తండ్రిని రాజాలా కూర్చోబెట్టాడన్నారు. మళ్ళీ చప్పట్లే!

కోవిడ్ వచ్చింది. రెండేళ్ళు వెళ్ళలేకపోయాను. 2021 డిసెంబరులో వెళ్ళేసరికి నాన్న గుమ్మం దాకా రాలేదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి లేచాడు. భోజనానికి పీటమీద కూర్చోవటం ఎప్పుడో మానేశాడట. బాసింపట్టు వేసుకుని నలభైమందికి వడ్డించిన పంక్తిలో కూర్చుని తిన్న మనిషికి అమ్మ కుర్చీ దగ్గరికే పళ్ళెం అందిస్తున్నది. పంచె కింద పిక్కలు కనిపించాయి. పిక్కలు లేవు, ఎముకలే ఉన్నాయి. విరిగిన కాలే కాదు, విరగని కాలూ అలాగే ఉంది. ఆ చీలమండ ఆయన్ను కూలదొయ్యలేదు. నా ప్రేమ కూలదోసింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా మోకాలి విషయంలో నేను మొండిగా ఉన్నాను. నాన్న చీలమండ విషయంలో పిరికిగా ఉన్నాను. రెండూ పరస్పరం విరుద్ధమైన తప్పులని నిన్నటిదాకా అనుకునేవాణ్ణి. కాదు. రెండింటిలోనూ నేను చేసింది ఒక్కటే. ఎదుట ఉన్న శరీరాన్ని చూడకుండా నా మనసులోని దాన్ని చూశాను. మొదటిదాంట్లో గర్వాన్ని చూశాను. రెండోదాంట్లో భయాన్ని చూశాను. గర్వానికి ధైర్యమని పేరు పెట్టుకున్నాను, భయానికి ప్రేమని పేరు పెట్టుకున్నాను. దూరదేశాల్లో ఉన్న మనలాంటివాళ్ళకు ఈ రెండో తప్పు మరీ సులువు. పక్కన ఉండి చెయ్యి పట్టుకుని నడిపించలేం కనుక, కూర్చోమంటాం. కూర్చున్న మనిషి పడడు కదా! అక్కడ వాళ్ళు కూర్చుంటే ఇక్కడ మనకు నిద్రపడుతుంది. వాళ్ళ కాళ్ళతో మన నిద్ర కొనుక్కుంటున్నాం.

* * *

ఇలా ఆలోచించే రోజుల్లో లుడ్విగ్ గుట్‌మన్ గురించి మళ్ళీ చదివాను. ఆయన కూడా వలస వచ్చిన వైద్యుడే. జర్మనీలో పేరున్న నాడీవైద్యుడు. యూదుడైనందువల్ల నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో భార్యాపిల్లలతో ఇంగ్లండు చేరాడు. 1944లో ఏల్స్‌బరీ దగ్గర స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగాన్ని ఆయనకు అప్పగించారు. అప్పటికి అలాంటి రోగులమీద ఎవరికీ ఆశ లేదు. పుండ్లుపడో, మూత్రంలో చీము పట్టో కొన్ని నెలల్లో పోతారన్నది అందరి నమ్మకం. కదిలించకుండా, నొప్పి తెలియకుండా పడుకోబెట్టటమే దయ అనుకునేవారు.

గుట్‌మన్‌కు ఆ దయ నచ్చలేదు. పుండ్లు పడకుండా రాత్రింబవళ్ళు రెండేసి గంటలకోసారి ప్రతి రోగినీ ఒత్తిగిలించాలన్నాడు. అర్ధరాత్రి తానే వచ్చి చూసుకునేవాడు. తర్వాత లేచి కూర్చోమన్నాడు. పని నేర్చుకోమన్నాడు. బంతి విసరమన్నాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆసుపత్రి పచ్చికమీద చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందికి విలువిద్య పోటీ పెట్టాడు. 1960లో రోమ్‌లో జరిగిన పోటీలకు 23 దేశాల నుంచి దాదాపు 400 మంది వచ్చారు. ఈనాటి పారాలింపిక్స్ పుట్టింది ఆ పచ్చికమీదే. 1965 యుద్ధంలో గాయపడిన మన మురళీకాంత్ పేట్కర్, అంతకుముందు సైన్యంలో బాక్సరు, 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో స్వర్ణపతకం గెలిచింది ఈ పోటీల్లోనే.

ఈ కథలో అందరూ పతకాలు చూస్తారు. నాకు మాత్రం ఆ రెండేసి గంటలు కనిపిస్తాయి. రోగి తట్టుకోవాలని గుట్‌మన్ ఉపన్యాసం ఇవ్వలేదు. ముందు పుండు పడకుండా చూశాడు, ఆ తర్వాతే బాణం చేతికిచ్చాడు. 'ధైర్యంగా ఉండు' అనేవాడు, ఆ ధైర్యానికి కావలసిన కూలి తాను కూడా చెయ్యాలి. ఆ చాకిరీ చెయ్యకుండా మనోబలం బోధించేవాళ్ళను చూస్తే నాకు అనుమానం. గోడౌనులో రాత్రి షిఫ్టు పెట్టెలు ఎత్తే మనిషి నడుం నొప్పితో నా దగ్గరికి వస్తాడు. అతనికి మనోధైర్యం గురించి చెప్పటం సులువు. కానీ అతని నడుంకు కావలసింది ధైర్యం కాదు, పని మధ్యలో పావుగంట విరామం, ఇంకొక మనిషి సాయం. పక్కవాడి ఓర్పుతో లాభపడేవాడు ఓర్పును పొగిడితే అది నీతి అనిపించుకోదు. అలాగే, నొప్పిలో మెదడుకూ పాత్ర ఉందని చెప్పేసరికి, అంతా నీ మనసులోనే ఉందంటూ తీసిపారేసేవాళ్ళున్నారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, మనిషి నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని ప్రత్యేకంగా చేర్చింది. నొప్పిని నమ్మాలి. నొప్పి ఇచ్చే ప్రతి ఆజ్ఞనూ పాటించనక్కరలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులు.

అయితే ఎంతవరకు వినాలి, ఎంతవరకు కాదనాలి? స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి మడమ వెనక నరం నొప్పి పట్టుకుంది. మనం వాడుకలో నరం అంటాంగాని అది కండను ఎముకకు కట్టే బలమైన పట్టీ. ఆపరేషను చెయ్యమంటే పై అధికారి ఒప్పుకోలేదట. సరే, అది తెగిపోతే అప్పుడు చెయ్యక తప్పదు కదా అని, మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించుతూ దానిమీద బరువు వెయ్యటం మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా, బాగుపడింది! 1998లో ఆయన ఇదే వ్యాయామాన్ని 15 మంది చేత 12 వారాలు, రోజుకు 180 సార్లు చేయించి ఫలితాన్ని ప్రచురించాడు. అందరూ మళ్ళీ పరిగెత్తారు. నేనెందుకు పళ్ళు బిగించి చెడిపోయాను, ఆయనెందుకు బాగుపడ్డాడు? నేను మోసిన బరువుకు లెక్కలేదు. కోపం వచ్చిన రోజు ఆరు మైళ్ళు, నొప్పి వచ్చిన వారం సున్నా. ఆయనదాంట్లో లెక్క ఉంది. ఉదయం ఇన్ని, సాయంత్రం ఇన్ని, మూడు నెలలు. పైగా నాది నిలకడ తప్పిన కీలు, ఆయనది బరువు కోరుకునే పట్టీ. ఏది ఏదో ముందు తెలుసుకోవాలి.

అందుకే నా రోగులకు మూడే మాటలు చెబుతాను. మొదటిది, ముందు ఒకసారి చూపించుకోండి. జ్వరంతో వచ్చే నొప్పి, రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గటం, కాలు చచ్చుబడటం, మూత్రం మీద అదుపు తప్పటం, కీలు బిగుసుకుపోవటం లేదా జారిపోవటం, ఇవి ఉంటే ఓర్చుకోవటం ధైర్యం కాదు, అజాగ్రత్త. రెండోది, ప్రమాదం లేదని తేలాక, పదిలో మూడు నాలుగు మార్కుల నొప్పి వచ్చినా పని ఆపకండి. మర్నాడు పొద్దున్నకు అది మామూలు స్థితికి దిగితే నిన్నటి లెక్క సరిపోయినట్టు. దిగకపోతే రేపటి లెక్క తగ్గించండి, మానెయ్యకండి. మూడోది, మంచిరోజున కూడా లెక్క దాటకండి.

ఈ మూడోదే అన్నిటికంటే కష్టం. నొప్పి ఉన్న రోజున ఓర్చుకోవటానికి కాస్త మొండితనం చాలు. నొప్పి లేని రోజున, ఎండ కాస్తున్నప్పుడు, పక్కవాళ్ళు పరిగెత్తుతున్నప్పుడు, 'నా వాటా అయిపోయింది' అని ఆగటానికి కావలసిన బలం వేరు. దానికెవరూ చప్పట్లు కొట్టరు. గీతలో తితిక్ష అన్న మాట ఉంది. దాన్ని మనం పళ్ళు బిగించటం అన్న అర్థంలో వాడేస్తున్నాం. చలికీ వేడికీ సుఖానికీ దుఃఖానికీ ఒకేలా కలవరపడకుండా ఉండటమని పెద్దలు చెబుతారు. అంటే నొప్పికి కలవరపడకపోతే సరిపోదు, నొప్పి తగ్గినప్పుడు పొంగిపోకుండా కూడా ఉండాలి. నా మోకాలు నాకు నేర్పిన తితిక్ష ఈ రెండో సగమే.

తిరిగి నాన్న దగ్గరికి వస్తాను. ఆయన వయసు చూసి ఇక లాభం లేదనుకునేవాణ్ణేగాని, 1990లో బోస్టన్‌లో ఫియాటరోన్ అనే వైద్యురాలు ప్రచురించిన పరిశీలన ధైర్యం ఇచ్చింది. వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది, సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. కాళ్ళ బలం రెట్టింపుకు మించి పెరిగింది. తొంభైలో పెరిగితే అరవై తొమ్మిదిలో పెరగదా?

ఆ డిసెంబరులోనే మొదలుపెట్టాం. తెనాలి నుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. మిగతా రోజులు ఇక్కడి నుంచి నేను, అక్కడ అమ్మ. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి నిలబడటం, మళ్ళీ కూర్చోవటం. మొదటిరోజు ఒక్కసారీ కాలేదు. కుర్చీమీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచితే మూడుసార్లు అయింది. వారాలు గడిచినకొద్దీ ఒక్కొక్క దిండూ తీశాం. అమ్మ పక్కన నిలబడి ఒకటీ రెండూ అని లెక్కపెట్టేది. ఒకరోజు మధ్యలో ఆగి నాన్న ఫోనులోకి చూశాడు. "ఒరేయ్, ఇన్నాళ్ళూ కూర్చోమన్నావు, ఇప్పుడు లెమ్మంటున్నావు. ముందు నువ్వు ఏదో ఒకటి తేల్చుకో." అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "తప్పు నాదే నాన్నా" అన్నాను. పదకొండేళ్ళు నా మోకాలి గురించి చెప్పలేని ఆ బాపతు వాక్యం, ఆనాడు నోటికి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. "సరే, లెక్కపెట్టు" అని మళ్ళీ లేచాడు.

ఇప్పుడు నాన్న పొద్దున్నే కర్రతో మా పొలం మొదటి గట్టు దాకా వెళ్ళి వస్తాడు. అన్నీ తిరిగి రాలేదు. పొలం కౌలులోనే ఉంది. గేదె రాదు. పీటమీద కూర్చోవటం కుదరటంలేదు. పోయినవాటి గురించి నేను సమాధానం చెప్పుకోవలసి ఉంది, చెప్పుకుంటున్నాను. కానీ ఆ గట్టు దగ్గర నాన్న చేసే పని ఒకటి అమ్మ చెప్పింది. ఒక్కోరోజు కాలు హుషారుగా ఉంటుందట. ఇంకో గట్టు దాకా వెళదామా అని కాసేపు అటు చూస్తాడట. చూసి, "రేపు చూద్దాంలే" అని వెనక్కి తిరుగుతాడట. నెలకోసారి మాత్రం ఇంకో పది అడుగులు కలుపుతాడు. వ్యవసాయం చేసినవాడికి ఇది ఒకరు నేర్పాలా? తొందరపడి లాగితే మొక్క పెరగదని ఆయనకు తెలుసు. నీళ్ళు పెట్టకపోతే ఎండిపోతుందనీ తెలుసు.

నా ఇద్దరు మిత్రులకూ ఇదే నా సమాధానం. మానేస్తానన్న మిత్రుడితో, మీరు శరీరం మాట వినటంలేదు, భయం మాట వింటున్నారని చెబుతాను. పరిగెత్తుతానన్న మిత్రుడితో, మీరు నొప్పిని జయించటంలేదు, దాన్నుంచి పారిపోతున్నారని చెబుతాను. నొప్పితో కాపురం చెయ్యవలసినప్పుడు రోజూ పోట్లాడినా ఇల్లు నిలవదు, అది చెప్పినట్టల్లా ఆడినా నిలవదు. ఒక ఇంట్లో ఉంటూ ఎవరి పని వారు చేసుకోవటం నేర్చుకోవాలి.

వచ్చే వేసవిలో మళ్ళీ పిక్నిక్ ఉంటుంది. వాలీబాల్ ఆడవద్దని నేను చెప్పను. నేనూ నెట్‌కు దూరంగా, ఎగరనక్కరలేని చోట నిలబడతాను. ఒక్కటే కోరిక. ఈ మార్చి నుంచే మొదలుపెట్టండి. లిఫ్టు మాని మెట్లెక్కండి, ఇంట్లో రోజుకు పదిసార్లు చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేవండి, వానలోనైనా ఇరవై నిమిషాలు నడవండి. పనిలో పనిగా, ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు, "జాగ్రత్త, కూర్చోండి" అనే అలవాటు మాట మానేసి, "ఇవాళ ఎంత దూరం నడిచారు?" అని అడిగి చూడండి. వాళ్ళేమన్నారో పత్రికకు వ్రాయండి. నా మాట తప్పనిపించినా వ్రాయండి. డాక్టర్లు తప్పు చెప్పరన్న నమ్మకం నాకు మా ఇంట్లోనే పోయింది.